‘తెల్వదు’ అని నేర్చుకున్న పిల్లలు

(ఉట్నూరులో ఆదివాసీ యువతీ యువకుల సమావేశంలో చేసిన ప్రసంగానికి రాత రూపం)

 

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! మీలో కొందరు డిగ్రీ చదువుతున్నరు, కొందరు నర్సింగ్, కొందరు బీఈడీ. చదువు ఆపేసి చేను చూసుకునేటోళ్లు గూడ ఉన్నరు. నేను డాక్టరును కాదు. ఇరవై రెండేళ్లు ఆశ్రమ పాఠశాలల్లో పిల్లలకు లెక్కలు చెప్పిన సారును. నేను చెప్పబోయేది చదువుకున్న విషయం కొంత, చేసిన తప్పుల నుంచి నేర్చుకున్నది చాన.

నేను బడిలో అ, ఆలు దిద్దకముందే ఒక తెలుగు మాట నేర్చుకున్న. ఆ మాట ‘తెల్వదు’. మా ఇంట్లో గోండి. తెలుగు మాకు సంతల వినబడే భాష. అయినా ఈ ఒక్క మాటను మా అమ్మ పట్టుబట్టి నేర్పింది. ఎందుకంటే, రాత్రి అన్నలు వచ్చి ఇంత తిని పోయేటోళ్లు. తెల్లారితే పోలీసులు వచ్చేటోళ్లు. ‘ఎవరచ్చిన్రు, ఎంతమంది, ఎటు పోయిన్రు?’ అని పెద్దోళ్లను అడిగి అడిగి, చివరికి పిల్లల దగ్గరికి వచ్చేటోళ్లు. చిన్నపిల్లలు అబద్ధమాడరని వాళ్లకు తెలుసు. నాలుగు రోజులకు అన్నలు మల్ల వచ్చి, ‘పోలీసోళ్లు ఏమడిగిన్రు, మీరేం చెప్పిన్రు?’ అని అడిగేటోళ్లు. ఇద్దరికీ ఒకటే జవాబు. తెల్వదు.

మా అమ్మను నేను తప్పు పట్టను. ఆ మాట మా ఇంటికి కాపలా కాసింది. కానీ ఇయ్యాల మీ ముందు ఒక సంగతి ఒప్పుకోవాలె. కాపలా కోసం నేర్చుకున్న ఆ మాట, కాపలా అవసరం తీరినంక గూడ మన నోట్ల నుంచి పోలేదు. దాని గురించే ఇయ్యాల మాట్లాడుత.

నేను ఉద్యోగంల చేరిన కొత్తల ఒక పిల్లగాడు నా క్లాసుల ఉండేవాడు. అయిదో తరగతి. పేరు చెప్పను. ఏది అడిగినా ‘తెల్వదు సార్’ అనేటోడు. మూడు రెండ్లు ఎంతరా అంటే తెల్వదు. పొద్దున ఏం తిన్నవురా అంటే తెల్వదు. మీ ఊరేదిరా అంటే గూడ తెల్వదు. తోటి పిల్లలు నవ్వేటోళ్లు. నాకు కోపం వచ్చేది. మొండోడు, మందబుద్ధి అని అనుకున్న. ఒకరోజు చెయ్యి గూడ చేసుకున్న. వాడు ఏడ్వలేదు. గోడకు ఆనుకొని నిలబడి, నా ముఖం కాకుండ నా చేతుల దిక్కే చూసిండు. ఆ చూపు నాకిప్పటికీ యాదికుంది.

తర్వాత ఎప్పుడో వాళ్ల ఊరి పెద్దమనిషి చెప్పిండు. వాళ్ల చిన్నాయనను ఇన్ఫార్మర్ అని ఒక రాత్రి తీసుకపోయి చంపిన్రు. ఆ తర్వాత వాళ్ల నాయినను, అన్నలకు అన్నం పెట్టిండని పోలీసులు పట్టుకపోయిన్రు. రెండుసార్లూ ఆ పిల్లగాడు ఇంట్లనే ఉన్నడు. అవతలోళ్లకూ ఇవతలోళ్లకూ ఆ ఇల్లు అనుమానమే. వాడు సెలవులకు పోయి మల్ల బడికి రాలేదు. ‘తెల్వదు’ అన్న మాటను నేను వినాల్సిన తీరుల వినలేదు. నేనూ అట్లనే పెరిగినోన్నే. అయినా గుర్తుపట్టలేదు.

ఇది ఒక్క పిల్లగాని కథ కాదు. మన ప్రాంతం చరిత్రను ఒకసారి పిల్లల ఎత్తు నుంచి చూడండి.

1978 సెప్టెంబర్‌ల జగిత్యాల జైత్రయాత్ర జరిగింది. కొద్ది వారాలకే సర్కారు జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలని ప్రకటించింది. ఊర్లల్ల పోలీసు క్యాంపులు పడ్డయి. కరీంనగర్ పల్లెల్లో తండ్రులు అడవికి పోయిన్రు, జైలుకు పోయిన్రు, కొందరు గల్ఫ్‌కు పోయిన్రు. పిల్లలకు మిగిలింది తల్లి, నాయినమ్మ. 1980ల పీపుల్స్‌వార్ పుట్టింది. గోదావరి దాటి ఆదిలాబాద్ అడవుల్లకు వచ్చింది. 1981 ఏప్రిల్ 20న, సోమవారం, ఇంద్రవెల్లి సంత రోజు, భూమి కోసం సభకు వచ్చిన మనోళ్ల మీద పోలీసులు కాల్పులు జరిపిన్రు. సర్కారు లెక్కల 13 మంది. అంతకు ఎన్నో రెట్లు ఎక్కువని హక్కుల సంఘాలు చెప్పినయి. ఆ తర్వాత ఇరవై ఏండ్లకు పైగా ఎన్‌కౌంటర్లు, మందుపాతరలు, ఇన్ఫార్మర్ల పేరుతోటి హత్యలు. 2004 అక్టోబర్‌ల హైదరాబాదుల చర్చలు జరిగినయి, ఊపిరి పీల్చుకుందామనుకునేలోపే ఆగిపోయినయి.

ఈ చరిత్రను మనం ఎప్పుడు చెప్పుకున్నా పెద్దోళ్ల పేర్లు చెప్పుకుంటం. ఎవరు చంపిన్రు, ఎవరు చచ్చిన్రు అని లెక్క పెడతం. ఆ రోజు సంతకు తల్లి వేలు పట్టుకొని మురుకుల కోసం వచ్చిన పిల్ల సంగతి ఏ లెక్కల రాలేదు. మందుపాతరల చనిపోయిన కానిస్టేబుల్ బిడ్డ సంగతి రాలేదు. ఆస్పత్రి కాడ చాప కింద ఉన్న తండ్రిని ‘ఈయనేనా?’ అని గుర్తుపట్టమంటే తల ఊపిన పిల్లగాని సంగతి రాలేదు. బాధల్ల పక్షాలు ఉండొచ్చు. పిల్లల భయానికి మాత్రం ఏ జెండా లేదు.

ఇప్పుడు ఆ భయం లోపల ఏం చేస్తదో చెప్త. మన శరీరంల ఒక కాపలాకుక్క ఉన్నదనుకోండి. ప్రమాదం వస్తే అది మొరుగుతది. గుండె దడదడలాడుతది, చేతులకు చెమట పడుతది, కాళ్లు పరుగుకు సిద్ధమైతయి. ఇది రోగం కాదు, మనల్ని బతికించే ఏర్పాటు. ప్రమాదం పోయినంక కుక్క పండుకోవాలె. కానీ ప్రమాదం రోజూ వస్తుంటే, ఏ రాత్రి వస్తదో తెల్వకుంటే, అది పండుకోవుడు మర్చిపోతది. బూట్ల సప్పుడు, జీపు సప్పుడు, రాత్రి తలుపు కొట్టుడు, ఆఖరికి దీపావళి పటాకులు, దేనికైనా మొరుగుతది. దానికి నిన్న, ఇయ్యాల తేడా తెల్వదు.

పెద్దోళ్లు ‘నాకు భయమైతుంది’ అని చెప్తరు. పిల్లలు మాటలతోటి చెప్పరు, ఒంటితోటి చెప్తరు. పక్క తడపడం మానేసిన పిల్ల మల్ల పక్క తడుపుతది. ఏ డాక్టరుకూ దొరకని కడుపునొప్పి, తలనొప్పి వస్తది. తల్లి కొంగు వదలరు. నిద్రల అరుస్తరు. కొందరు ఒకటే ఆటను పదే పదే ఆడుతరు: ఒకడు పోలీసు, ఒకడు అన్న, చివరికి ఒకడు చావాలె. ఇంకొందరు చదువుల వెనకబడతరు. లోపల కుక్క మొరుగుతుంటే బయట సారు చెప్పే ఎక్కాలు ఎట్ల వినబడతయి? వయసు వచ్చినోళ్లల్ల అది కోపంగ మారుతది, గుడుంబగ మారుతది, ‘నేను బతికినా ఒకటే చచ్చినా ఒకటే’ అన్న మాటగ మారుతది.

ఇంత జరిగితే పిల్లలందరికీ జబ్బు వస్తదా అంటే, రాదు. ఇది గట్టిగ చెప్పాలె. చాలామంది పిల్లలు కొన్ని వారాలల్ల మెల్లమెల్లగ కుదుటపడతరు. నెల దాటినా నిద్ర రాకపోవుడు, ఉలికిపాటు, జరిగింది కండ్ల ముందు తిరుగుడు తగ్గకుంటే అప్పుడు వైద్యం కావాలె. యుద్ధం, ఘర్షణ ఉన్న ప్రాంతాల ప్రజలల్ల దగ్గరదగ్గర అయిదుగురిల ఒకరికి ఏదో ఒక మానసిక సమస్య ఉంటదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019ల లెక్క తేల్చింది. అంటే నలుగురు నిలబడతరు, ఒకరికి చెయ్యి కావాలె. ఆ ఒకరు ఎవరో మనకు తెల్వాలె.

మరి పిల్లలు దేనితోటి నిలబడతరు? దీనికి రెండు చోట్ల నుంచి జవాబు చెప్త.

ఒకటి లండన్. రెండో ప్రపంచ యుద్ధంల ఆ నగరం మీద బాంబులు పడుతుంటే అన్నా ఫ్రాయిడ్, డొరొతీ బర్లింగ్‌హామ్ అనే ఇద్దరు ఆడవాళ్లు పిల్లల కోసం నర్సరీలు నడిపిన్రు. వాళ్లు గమనించింది ఏందంటే, బాంబుల కంటే తల్లి నుంచి విడిపోవుడే చిన్నపిల్లలను ఎక్కువ దెబ్బతీసింది. తల్లి నిబ్బరంగ ఉంటే పిల్లలు ఆ సప్పుళ్లల్ల గూడ తట్టుకున్నరు. ఇప్పుడు మన దిక్కు చూడండి. ఆపద వస్తే మనం ఏం చేస్తం? పిల్లను తీసుకపోయి దూరంల ఉన్న హాస్టల్‌ల వేస్తం. ఆరేండ్ల పిల్ల. భాష రాదు. ప్రాణం దక్కుతదని, చదువు దక్కుతదని వేస్తం, అది నిజమే. కానీ ఆ పిల్లకు రెండు దెబ్బలు తాకినయని గుర్తుపెట్టుకోవాలె. ఊర్ల జరిగింది ఒకటి, ఊరు విడిచింది ఒకటి.

రెండోది ఆఫ్రికాల సియెర్రా లియోన్. అక్కడ 1991 నుంచి 2002 దాకా అంతర్యుద్ధం. వేలమంది పిల్లల చేతుల్ల తుపాకులు పెట్టిన్రు. యుద్ధం అయిపోయినంక ఆ పిల్లలు ఏమైన్రో ఏండ్ల తరబడి పరిశోధకులు చూసిన్రు. ఊరు ‘మా పిల్లలే’ అని దగ్గరికి తీసుకున్నోళ్లు, బడికి పోగలిగినోళ్లు ఎక్కువగ కోలుకున్నరు. ఊరు వేలెత్తి చూపినోళ్లు ఇంకా కుంగిపోయిన్రు. జరిగింది ఎంత ఘోరమో అదొక్కటే కాదు, జరిగినంక మనం ఎట్ల చూసినమన్నది గూడ పిల్లల బతుకును నిర్ణయించింది.

ఈ రెండో మాట మనకు నేరుగ తగుల్తది. మన ఊర్లల్ల ఇప్పటికీ ‘వాడు ఫలానా ఇన్ఫార్మర్ కొడుకు’, ‘అది లొంగిపోయినోళ్ల బిడ్డ’, ‘వాళ్ల నాయిన పోలీసు’ అంటున్నం. తండ్రి చనిపోయి ఇరవై ఏండ్లయినా ఆ పేరు కొడుకును విడిచిపెట్టదు. వాడు ఏ తప్పు చేసిండు? తుపాకులు ఆగినంక గూడ పిల్లలను కొట్టేది ఈ మాటలే. ఇవి ఆపడానికి ఏ సర్కారు జీవో అక్కర లేదు. ఇయ్యాల సాయంత్రం నుంచే ఆపొచ్చు.

మన దిక్కు తుపాకుల మోత తగ్గి ఏండ్లయింది కదా, ఇప్పుడెందుకు ఈ ముచ్చట అని మీరు అడగొచ్చు. రెండు కారణాలు.

ఒకటి, సరిహద్దు. 2005ల ఛత్తీస్‌గఢ్‌ల సల్వాజుడుం మొదలైనంక ఊర్లకు ఊర్లు తగలబడి గుత్తికోయలు గోదావరి ఇవతలికి వచ్చిన్రు. ఖమ్మం, వరంగల్ అడవుల్లకు, పాత కరీంనగర్ జిల్లా మహదేవపూర్ దిక్కు అడవుల్లకు గూడ. సల్వాజుడుం పేరుతోటి ఆదివాసీ యువకులకు తుపాకులిచ్చుడు రాజ్యాంగానికి విరుద్ధమని సుప్రీంకోర్టు 2011 జులైల చెప్పింది. తీర్పు వచ్చింది కానీ ఆ గుడిసెల్ల పుట్టిన పిల్లలకు కులపత్రం దొరకదు, బడి దూరం, ఎప్పుడు ఖాళీ చేయిస్తరో తెల్వదు. వాళ్ల కాపలాకుక్క ఇంకా పండుకోలేదు.

రెండోది, మన ఇండ్లల్ల. అప్పటి పిల్లలే ఇప్పటి తల్లిదండ్రులు. మూడేండ్ల కింద నాకొక ఫోన్ వచ్చింది. ‘సార్, నేను... తెల్వదు అనేటోన్ని’ అన్నడు. ఆ అయిదో తరగతి పిల్లగాడు. ఇద్దరు పిల్లల తండ్రి. ‘నా కొడుకు నిద్రల ఉలిక్కిపడి లేస్తున్నడు సార్. వాడు ఏ పోలీసును చూడలేదు, ఏ తుపాకీ చూడలేదు. నన్ను చూస్తున్నడు. నేను తాగి అరుస్తున్న. తలుపు సప్పుడైతే గొడ్డలి పట్టుకొని లేస్తున్న’ అన్నడు. ఆ రోజు నేను చేసిన పని ఒకటే. విన్న. ఆ తర్వాత క్షమించమని అడిగిన. తర్వాత జిల్లా కేంద్రంల మానసిక వైద్యుని దగ్గరికి ఇద్దరం కలిసి బస్సుల పోయినం. ఒక్కసారితోటి నయం కాలేదు. ఆరేడు సార్లు పోయినం. మందులు కొన్ని రోజులు, మాటలు చాన రోజులు. ఇప్పుడు బాగనే ఉన్నడు. పూర్తిగ అని చెప్పను.

దేవారి దగ్గరికి, పూజకు పోవద్దని నేను అనను. మన పూజల్ల ఊరంతా కలిసి కూసుంటది, బాధ ఉన్నోడు ఒంటరిగ ఉండడు. అది గూడ వైద్యమే. కానీ నెల దాటినా తగ్గకుంటే డాక్టరు దగ్గరికి గూడ తీసుకపోండి. ఒకటి చేస్తే ఇంకొకటి చెయ్యొద్దని ఎవరూ చెప్పలేదు.

ఇప్పుడు మీరు చెయ్యగలిగినయి కొన్ని చెప్త.

పిల్లకు అబద్ధం చెప్పకండి. నాయిన చనిపోతే ‘ఊరికి పోయిండు’ అనకండి. ఆ పిల్ల రోజూ తొవ్వ చూస్తది. ఎప్పటికీ రాకపోతే, నేనేదో తప్పు చేసిన అందుకే రావట్లేడు అనుకుంటది. వయసుకు తగ్గ మాటలల్ల నిజం చెప్పండి. ‘నీ తప్పేం లేదు’ అన్న మాట మర్చిపోకండి.

బలవంతంగ చెప్పించకండి. ‘ఏం చూసినవో చెప్పు, ఏడువు’ అని తవ్వితే పుండు ఇంకా పెద్దగైతది. దగ్గర కూసోండి. బొమ్మ గీస్తే గీయనియ్యండి. ఆడితే ఆడనియ్యండి. చెప్పబుద్ధైన రోజు చెప్తది, ఆ రోజు మీరు అక్కడ ఉండాలె.

పొద్దుగాల లేచుడు, తినుడు, బడికి పోవుడు, పండుకునుడు ఒక వేళకు జరిగేటట్టు చూడండి. రేపు ఏం జరుగుతదో ముందే తెలిసిన పిల్లకు భయం తగ్గుతది. దండారికి తీసుకపోండి. డప్పు కొట్టనియ్యండి, పదిమందితోటి అడుగు కలపనియ్యండి.

సొంత భాషల మాట్లాడండి. గోండి, కొలామి, కోయ మాట్లాడే పిల్ల భయాన్ని తెలుగుల ఎట్ల చెప్పగలదు? 1943లనే మార్లవాయిల హైమన్‌డార్ఫ్ దొర గోండి టీచర్ల శిక్షణ మొదలుపెట్టిండు. ఎనభై ఏండ్ల కింద సాధ్యమైంది ఇయ్యాల ఎందుకు కాదు? మీలో నర్సింగ్, బీఈడీ చదివేటోళ్లు ఉన్నరు కదా, ఈ పని మీది. మన భాషల కౌన్సిలింగ్ ఇచ్చేటోళ్లు బయట నుంచి రారు.

ఎవరైనా ‘చస్త’ అంటే నవ్వులాటగ తీసుకోకండి. ఒంటరిగ విడిచిపెట్టకండి. టెలిమానస్ నంబర్ 14416, రాత్రి పగలు పనిచేస్తది, డబ్బులు పడవు. పిల్లల కోసం 1098. ఫోన్లల్ల రాసిపెట్టుకోండి.

ఇది దయ అడుగుడు కాదు, హక్కు అని గూడ తెలుసుకోండి. 2015 జువెనైల్ జస్టిస్ చట్టం, సెక్షన్ 2, 14వ క్లాజు సాయుధ ఘర్షణల బాధపడిన పిల్లలను రక్షణ, సంరక్షణ అవసరమైన పిల్లలని చెప్తది. అంటే వాళ్లను జిల్లా బాలల సంక్షేమ కమిటీ ముందుకు తీసుకపోవచ్చు, సాయం అడగొచ్చు. ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడికను మన దేశం 1992ల ఒప్పుకున్నది. దాని 39వ ఆర్టికల్ ఘర్షణల్ల దెబ్బతిన్న పిల్లల మనసు కోలుకునేటట్టు చూసే బాధ్యత రాజ్యానిదే అంటది. కాబట్టి మనం అడగాలె. ఐటీడీఏ ఆశ్రమ పాఠశాలల్ల మన భాష వచ్చిన కౌన్సిలర్లు కావాలె. బడి ఎప్పుడూ క్యాంపు కావద్దు. సమాచారం కోసం పిల్లలను అడుగుడు ఎవరూ చెయ్యొద్దు, బట్టల రంగు ఏదైనా సరే.

చివరగ ఒక మాట. మనసు బాగాలేదని చెప్పుకునుడు అంటే అన్యాయాన్ని రోగంగ మార్చుడు కాదు. ఇంద్రవెల్లిల చనిపోయినోళ్ల కోసం ఏడ్చే బిడ్డకు మాత్ర ఇచ్చి ‘నిద్రపో’ అంటే అది వైద్యం కాదు. ఆ బిడ్డకు కావాల్సింది ఏడ్వనిచ్చే జాగ. ఏండ్ల తరబడి ఏప్రిల్ 20 వస్తే 144 సెక్షన్ పెట్టిన్రు. స్తూపం దగ్గర ఒక పువ్వు పెట్టనియ్యలేదు. ఆ స్తూపాన్ని గూడ ఒకసారి కూల్చిన్రు, మల్ల కట్టిన్రు. మన పద్ధతిల చనిపోయినోళ్లను సాగనంపకుంటే వాళ్లు మనతోటి కలవరు, మనకూ నెమ్మది ఉండదు. నాగోబా జాతర ముందు కేస్లాపూర్‌ల మెస్రం వాళ్లు ఆ ఏడు పోయిన పెద్దలకు తూమ్ పూజ చేసేది ఎందుకు? దుఃఖానికి ఒక వేళ, ఒక జాగ, పదిమంది మనుషులు ఉండాలె కాబట్టి. మన ముందటోళ్లకు ఈ శాస్త్రం తెలుసు. దాన్ని మనకు కాకుండ చేసింది తుపాకులు, నిషేధాలు, మన మౌనం.

మా అమ్మ ముసలిది, ఇంకా ఉన్నది. పోయిన ఏడు ఆమె పక్కన కూసొని, ‘ఆ రాత్రులు నీకు భయం కాలేదా?’ అని అడిగిన. అలవాటు కొద్ది ‘తెల్వదు’ అన్నది. కొంచెం సేపటికి నా చెయ్యి పట్టుకొని, గోండిల, పొద్దుగూకేదాక చెప్పింది. మా ఇంటి మీద నుంచి ఏదో బరువు దిగినట్టయింది.

మీరు గూడ ఇంటికి పోయినంక మీ అమ్మనో, నాయిననో, కాకనో అడగండి. తొందర పెట్టకండి. మొదటి జవాబు ‘తెల్వదు’ అని వస్తది. అక్కడ లేచి రాకండి. కూసోండి.

జై జంగో. జై లింగో.